తీగ చూశావా?

జూలై రెండో వారంలో మొదలైంది. రాత్రి తొమ్మిదిన్నరకి అమెరికా టీముతో రోజూ ఉండే కాల్‌లో నా వంతు వచ్చి మాట్లాడుతుంటే అవతలనుంచి ఎవరో "నీ గొంతు తెగిపోతోంది" అన్నారు. సారీ చెప్పి మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను. మళ్ళీ చెప్పిందీ తెగింది. మూడోసారి చెప్పబోతే "పర్లేదు, చాట్‌లో రాయి" అన్నారు. పదకొండేళ్ళ ఉద్యోగంలో చాలా మాటలు పడ్డాను గానీ, "పర్లేదు, చాట్‌లో రాయి" అన్నంత మర్యాదగా నన్నెవరూ గదిలోంచి బయటికి పంపలేదు.

మా ఇల్లు బాపట్లలో. కింద హాలూ, రెండు గదులూ. మేడ మీద ఒక గది. ఫైబర్ కింద హాల్లోకి వస్తుంది. రౌటరు టీవీ పక్కనే ఉంటుంది. పైగదికి వైఫై సరిగ్గా ఎక్కదని మూడేళ్ళ క్రితం ఒక పండగ సెలవుల్లో ఈథర్నెట్ కేబుల్ వేయించాను. అది హాలు కిటికీలోంచి బయటపడి, సన్‌షేడ్ కిందనుంచి గోడ పట్టుకుని డాబా ఎక్కి, పిట్టగోడ వారగా నీళ్ళ ట్యాంకు వెనకనుంచి నా గదిలోకి వస్తుంది. మొత్తం పాతిక మీటర్లుంటుందేమో. ఈ రకం కేబుల్ వంద మీటర్ల దాకా ఢోకా లేకుండా పనిచెయ్యాలి. కాబట్టి పాతిక మీటర్లలో అనుమానించడానికేం లేదు. నేను అనుమానించలేదు కూడా.

అమ్మ ఫిబ్రవరిలో పోయింది. నాన్న ఒక్కడే ఉన్నాడని మేనేజర్ని బతిమాలి ఆరు నెలలు ఇంటినుంచి పనిచేయడానికి అనుమతి తెచ్చుకుని జూన్‌లో ఇక్కడికి వచ్చాను. నాన్న హైదరాబాదు రాడు. అడిగితే "చూద్దాంలే" అంటాడు. మా ఇంట్లో చూద్దాంలే అంటే రాననే. ఆగస్టు మొదట్లో మేనేజర్ దగ్గర్నుంచి మెయిలొచ్చింది. చాలా మంచిగా రాశాడు. నెలాఖరులోగా కనెక్షన్ సంగతి తేల్చుకో, లేదంటే ఆఫీసుకి వచ్చేయడం అందరికీ సుఖం అని. అంటే నేను ఈ ఇంట్లో ఉండటం, నాన్న రాత్రి పూట ఒక్కడే అన్నం తినకపోవడం, ఆ పాతిక మీటర్ల మీద ఆధారపడి ఉందన్నమాట. అప్పటికీ నేను పాతిక మీటర్ల గురించి ఆలోచించట్లేదు.

నాన్న గురించి ఒక మాట చెప్పాలి. టెలిఫోన్ డిపార్టుమెంటులో లైన్‌మన్. అందులోనూ ఎక్కువకాలం భూమిలో వేసే కేబుళ్ళు అతికే పని. గోతిలో దిగి, వందల జంటల తీగల్ని రంగు చూసి రంగుకి కలపడం. 2020 జనవరి 31న దేశం మొత్తం మీద 78 వేలమందికి పైగా ఒకేరోజు స్వచ్ఛంద పదవీ విరమణ చేశారు చూడండి, అందులో ఒకడు.

కాల్స్ తెగడం మొదలైన రెండో రోజే, కాఫీ తాగుతూ అడిగాడు. "తీగ చూశావా?"

"తీగ కాదు నాన్నా. ఇది టెలిఫోన్ కాదు."

"అలాగా" అన్నాడు.

తర్వాత నేనేం చేశానో వరసగా చెప్తాను. ఈ పత్రిక చదివేవాళ్ళలో సగంమంది నాలాంటి ఉద్యోగాలవాళ్ళే కాబట్టి నవ్వుకుంటారు. రౌటరు ఆపి మళ్ళీ వేశాను. డీఎన్‌ఎస్ మార్చాను. నా డెస్క్‌టాప్‌లో ఉబుంటు ఉంటుంది. దాని కెర్నెల్ అప్‌డేట్ చేశాను, ఉపయోగం లేక పాతదానికి వెనక్కెళ్ళాను. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ మార్చాను. కార్డు కరెంటు పొదుపు కోసం మధ్యమధ్యలో కునుకు తీసే ఒక ఏర్పాటుంటుంది, దాన్ని ఆపేశాను. టేబుల్ దగ్గరి చిన్న వైరు మార్చాను. ఇంటర్నెట్ కంపెనీకి ఎనిమిదిసార్లు ఫోన్ చేసి, ఎనిమిదోసారి అరిచాను. వాళ్ళ కుర్రాడు మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చి, స్పీడ్ టెస్టు పెట్టి, "ఫస్టుక్లాసుగా ఉంది సార్" అని చూపించి వెళ్ళాడు. నిజంగానే ఉంది. ఎందుకంటే గొడవంతా రాత్రి పది దాటాక మొదలై, మర్నాడు ఎండెక్కే దాకా. మధ్యాహ్నం ఏమీ ఉండదు.

దీనికి నా దగ్గర సిద్ధాంతం తయారుగా ఉంది. రాత్రిపూట ఊరంతా సినిమాలు చూస్తారు, దారి కిక్కిరిసిపోతుంది, కంపెనీవాడు చాలినంత బ్యాండ్‌విడ్త్ కొనడు. చక్కటి సిద్ధాంతం. అందులో సమాజం ఉంది, వ్యాపారం ఉంది, చిన్న ఊళ్ళ పట్ల నిర్లక్ష్యం ఉంది. తెల్లారి ఏడింటికి ఊళ్ళో ఎవరు సినిమాలు చూస్తున్నారన్న ప్రశ్న మాత్రం నేను వేసుకోలేదు.

పింగ్ అనే చిన్న ప్రోగ్రాముంది. 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే ఆయన, తన నెట్‌వర్కు ఏదో తిక్కగా ప్రవర్తిస్తుంటే కారణం పట్టుకోవడానికి రాసుకున్నాడు. జలాంతర్గామిని వెతికే సోనార్ చేసే శబ్దం పేరే దానికి పెట్టాడు. ఒక కేక వేసి, ప్రతిధ్వని ఎంతసేపటికి వస్తుందో చూడటం. నేను మూడు వారాలు రోజూ పింగ్ చేశాను, కానీ ఎప్పుడూ బయటి ప్రపంచంలోని సర్వర్లకే. వందలో ఐదారు కేకలకి జవాబు వచ్చేది కాదు. చూశావా, బయటే పోతున్నాయి అనుకునేవాణ్ణి. బయటికి వేసిన కేక ఇంట్లోంచి కూడా వెళ్ళాలి కదా!

ఆగస్టు మూడో వారంలో ఒక రాత్రి, విసుగుతోనే తప్ప తెలివితో కాదు, 192.168.1.1 అని కొట్టాను. అంటే కింద హాల్లో, టీవీ పక్కన ఉన్న మా రౌటరు. వంద కేకల్లో ఆరింటికి జవాబు రాలేదు.

కాసేపు అలా కూచున్నాను. నాకూ హాలుకీ మధ్య ఊరు లేదు, కంపెనీ లేదు, సినిమాలు చూసే జనం లేరు.

అప్పుడు ఈథ్‌టూల్ అనే ఇంకో ప్రోగ్రాముతో కార్డుని అడిగాను. వేగం 1000 ఉండాల్సింది 100 అని చెప్పింది. పాడైన ప్యాకెట్ల లెక్క అడిగితే 41,326 అంది. మూడు వారాలుగా నేను మెషీన్ ఆపలేదు. అన్ని రోజులూ అది ఒకటొకటీ లెక్కపెట్టుకుంటూనే ఉంది. నేనే అడగలేదు.

ఈ లెక్క ఎలా వస్తుందో చెప్పాలి. ఈథర్నెట్‌లో పంపే ప్రతి ముక్క చివరా 32 బిట్ల అంకె ఒకటి తగిలిస్తారు. ముక్కలోని సమాచారం మొత్తంమీద చేసిన గణితం ఫలితం అది. దాన్ని సీఆర్సీ అంటారు. 1961లో పీటర్సన్ అనే గణితజ్ఞుడు చెప్పిన పద్ధతి. అందుకున్నవాడు అదే గణితం మళ్ళీ చేస్తాడు. అంకె కలవకపోతే ముక్కని పారేస్తాడు. పారేశానని పంపినవాడికి చెప్పడు. "మళ్ళీ పంపు" అనడు. అడగడం వాడి పని కాదు. అది పై అంతస్తులో టీసీపీ పని. టీసీపీ కొంతసేపు చూసి, జవాబు రాకపోతే తనే మళ్ళీ పంపుతుంది. అందుకే నాకు వెబ్‌సైట్లు కొంచెం నత్తనడకతోనైనా వచ్చేవి, కాల్స్ మాత్రం తెగేవి. ఫోన్ మాటల్ని మళ్ళీ పంపరు. అరక్షణం ఆలస్యంగా వచ్చిన మాట ఎవరికీ అక్కర్లేదు.

టీసీపీకి ఇంకో అలవాటుంది. ముక్క పోయిందంటే తీగ పాడైందని అది అనుకోదు, దారి రద్దీగా ఉందనుకుంటుంది. 1988 ప్రాంతంలో ఇంటర్నెట్ రద్దీతో కూలబడినప్పుడు వాన్ జేకబ్‌సన్ నేర్పిన బుద్ధి అది: ఏదన్నా పోతే మర్యాదగా నెమ్మదించు. మామూలుగా సరైన బుద్ధే. కానీ తీగే పాడైనప్పుడు అది ఎంత నెమ్మదించినా లాభం లేదు. నేను మూడు వారాలు చేసిందీ అదే.

మా ఇంజనీరింగులో నెట్‌వర్క్స్‌కి టానెన్‌బామ్ పుస్తకం. అది కిందనుంచి పైకి వెళ్తుంది. మొదట తీగలు, తర్వాత ముక్కలు, ఆ పైన దారులు, చిట్టచివర మనం చూసే అప్లికేషన్లు. తీగల అధ్యాయం మేం వదిలేశాం. ఎలక్ట్రికల్ వాళ్ళది, పరీక్షలో ఒక్క ప్రశ్నకి మించి రాదు అని సీనియర్లు చెప్పారు. నేను ఇక్కడ రాసే పుస్తక సమీక్షల్లో కూడా ఆ అధ్యాయం వదిలేసినట్టే ఉన్నానని ఆ రాత్రి అనిపించింది. ఒక కథ నాకు అందకపోతే కారణం కోసం ఎప్పుడూ పై అంతస్తులకే పోతాను. దృక్పథం లోపించిందనీ, తన వర్గాన్ని దాటి చూడలేకపోయాడనీ రాస్తాను. రెండేళ్ళ క్రితం ఒక తొలి సంపుటి మీద అలాగే రాశాను. మొన్న మళ్ళీ తీసి చూస్తే, ఆ కథల్లో తెగింది దృక్పథం కాదు. సంభాషణల్లో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియట్లేదు, అంతే. అది చెప్పి ఉంటే ఆ రచయితకి ఒక పూట పని. నేను చెప్పినదానితో ఆయన ఏం చేసుకోవాలి?

మర్నాడు ఉదయం డాబా ఎక్కి, గదిలోంచి వెనక్కి, కేబుల్ పట్టుకుని నడిచాను. నీళ్ళ ట్యాంకు వెనక, పిట్టగోడకి ఆనుకుని, నల్ల టేపు చుట్టిన బొడిపె ఒకటి కనబడింది. నిమ్మకాయంత. ట్యాంకు పొర్లినప్పుడల్లా నీళ్ళు పడే చోటే. వేయించినప్పుడు అది లేదు.

టేపు విప్పితే లోపల తడి. ఎనిమిది తీగల్నీ తెంపి, రంగుకి రంగు కలిపి, మెలేసి అతికారు. అతుకులన్నీ ఒకేచోట పడి లావెక్కకుండా ఒక్కోటీ అంగుళం ఎడంగా, మెట్లు మెట్లుగా ఉన్నాయి. నాకు ఆ మెట్లు తెలుసు. చిన్నప్పుడు నాన్న ఇంటి అరుగుమీద తుక్కు కేబుల్‌తో కుర్రాళ్ళకి పని నేర్పుతుంటే పక్కన కూచునేవాణ్ణి. వైట్, రెడ్, బ్లాక్, ఎల్లో, వయొలెట్. బ్లూ, ఆరెంజ్, గ్రీన్, బ్రౌన్, స్లేట్. ఐదైదులు పాతిక జంటలు. నాకు ఎక్కాలకంటే ముందు వచ్చినవి అవి. కాలేజీ ల్యాబులో ఈథర్నెట్ కేబుల్ విప్పితే లోపల కనిపించేవి ఆ వరసలోని మొదటి నాలుగు జంటలే, నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ. టెలిఫోన్ తీగల నుంచే ఇవి వచ్చాయి మరి. కానీ ల్యాబులో నేను వాటిని కొత్త పాఠంలా బట్టీపట్టాను. మా నాన్నకి తెలిసినవే అని ఎవరితోనూ అనలేదు.

నీలం జంటలో ఒక తీగ చిలుం పట్టి, వేలు తగలగానే రాలిపోయింది. ఆకుపచ్చ జంట కూడా సగం తినేసి ఉంది. 1000 వేగానికి నాలుగు జంటలూ కావాలి. 100కి నారింజా ఆకుపచ్చా, రెండు చాలు. నీలం పోయాక కార్డు నోరెత్తకుండా 100కి దిగి, మిగిలిన రెండింటితో లాక్కొస్తోంది. రాత్రి మంచుకీ సముద్రపు గాలికీ తడిసి ఆకుపచ్చ మొరాయిస్తే ముక్కలు పాడవుతున్నాయి. ఎండెక్కితే ఆరి బాగవుతోంది. పన్నెండింటికి వచ్చిన కుర్రాడిది ఏ తప్పూ లేదు.

ఇంకొకటి కూడా ఉంది. జంటలో రెండు తీగలూ ఒకదాన్నొకటి మెలేసుకుని ఉంటాయి. బయటి గోల రెంటిమీదా సమానంగా పడుతుంది, అవతల రెంటి మధ్య తేడానే చదువుతారు కాబట్టి గోల కొట్టుకుపోతుంది. 1881లో గ్రాహం బెల్ పేటెంటు తీసుకున్న ఉపాయం. అతకాలంటే ఈ మెలిక విప్పాలి. ఈథర్నెట్ కనెక్టరు దగ్గర అర అంగుళం కంటే ఎక్కువ విప్పకూడదంటారు. ఇక్కడ జానెడు విప్పి ఉంది. టెలిఫోన్‌లో మనిషి గొంతు సెకనుకి మూడున్నర వేల కంపనాలు దాటదు, దానికి జానెడు ఒక లెక్కా కాదు. ఈ కేబుల్ మోయాల్సింది కోట్లలో. టెలిఫోన్‌కైతే అది చాలా మంచి అతుకు.

కిందికి దిగుతూ నాన్నతో ఏమనాలో అనుకుంటూ దిగాను. కేబుల్ పాతబడిపోయింది, మొత్తం మార్చేద్దాం అనాలనుకున్నాను. బొడిపెని జేబులో వేసుకున్నాను. హాల్లోకి రాగానే నాన్న పేపరు దించి నా చేతులు చూశాడు. టేపు జిగురు నల్లగా అంటి ఉంది.

"నీళ్ళు దిగాయా?" అన్నాడు.

"కేబుల్ పాతదైంది నాన్నా."

"మూడేళ్ళకి కేబుల్ పాతదవదు. జాయింట్లో నీళ్ళు దిగాయి. జెల్లీ కనెక్టర్లు ఇంట్లో లేవు. ఉత్త టేపు వేశా. వానాకాలం ఆగదని తెలుసు."

"మరి చెప్పచ్చుగా?"

"చెప్పాగా, తీగ చూడమని."

నేను కూచున్నాను. ఆయనే చెప్పాడు. అమ్మ పెద్దకర్మ రోజు డాబా మీద భోజనాలకి షామియానా వేశారు. విప్పేటప్పుడు ఎవరో గుంజని లాగితే దాంతోపాటు కేబుల్ తెగింది. చుట్టాలు వెళ్ళాక నాన్న పైకెళ్ళి చూశాడు. చీకటి పడింది. టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని అతికాడు.

"ఆ రాత్రే ఎందుకు నాన్నా? మర్నాడు చూసుకునేవాళ్ళం కదా."

"రాత్రికి ఆఫీసుందన్నావుగా" అన్నాడు, మళ్ళీ పేపరు ఎత్తుతూ.

అన్నాను. పదిరోజుల సెలవు ఆ రోజుతో అయిపోయింది. తొమ్మిదిన్నరకి పైకెళ్ళి లాగిన్ అయ్యాను. ఆ రాత్రి ఏం పనిచేశానా అని తర్వాత పాత చాట్లు తీసి చూశాను. ఒక స్క్రీన్ మీద బటను ఎక్కడుండాలి అన్న విషయం మీద నలభై నిమిషాల కాల్. ఒక్కసారి కూడా తెగలేదు. నా గొంతు బాగా వినబడిందనే గుర్తు. నాన్న ఆ టైములో ఎక్కడున్నాడో, తిన్నాడో లేదో గుర్తులేదు.

సాయంత్రం ఇద్దరం కేబుల్ కొనడానికి వెళ్ళాం. కొట్టతను ఒక చుట్ట చూపించి, చవగ్గా వస్తుంది, అందరూ ఇదే పట్టుకెళ్తారన్నాడు. నాన్న చివర ఒక తీగ బయటికి లాగి, బ్లేడు అడిగి గీకాడు. పైన రాగి రంగు, కింద తెల్లగా. "అల్యూమినియానికి పూత వేశారు. వద్దు" అన్నాడు. నేనైతే డబ్బా మీద రాసింది చదివి కొనేవాణ్ణి. అసలు రాగిది, ఎండకి వానకి ఆగే నల్ల తొడుగుది ముప్ఫై మీటర్లు తీసుకున్నాం.

ఆదివారం పొద్దున్న వేశాం. ఈసారి ట్యాంకు వెనకనుంచి కాకుండా గోడకి ఎత్తుగా, ఎక్కడా అతుకు లేకుండా. గదిలోకి వచ్చేముందు కేబుల్‌ని కొంచెం కిందికి వంపు తిప్పి పైకి తెమ్మన్నాడు, నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, లోపలికి రావు. కనెక్టర్లు నన్నే వెయ్యమన్నాడు. తీగలు వరసగా పేర్చి పట్టుకున్నాక "ఏదీ" అని కళ్ళకి దగ్గరగా తీసుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇది నీలమా, ఆకుపచ్చా?" అన్నాడు.

"నీలం నాన్నా."

"ఆఁ. అయితే సరిపోయింది. నొక్కు."

మరి ఆ రాత్రి టార్చి వెలుతురులో ఎనిమిది తీగలూ ఎలా కలిపాడో! ఒక్క రంగూ తప్పు పోలేదు. అడగలేదు. వచ్చేవారం గుంటూరులో కంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నానని మాత్రం చెప్పాను. "చూద్దాంలే" అన్నాడు. ఈసారి ఆ మాట వినలేదు. తీసుకెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు, ఎడమది బాగా ముదిరింది. దీపావళి అయ్యాక ఆపరేషన్.

ఇప్పుడు వేగం 1000 చూపిస్తోంది. మేనేజర్‌కి మెయిల్ పెట్టాను, బాగైందని. ఆరు నెలలు అయ్యాక ఏంటన్నది తేలలేదు. అది తీగతో తేలేది కాదు.

పాడైన ముక్కల లెక్క గురించి నాన్నకి చెప్పాను, కార్డు తనంతట తనే రాసుకుంటుందని. ఆసక్తిగా విన్నాడు. వాళ్ళ ఎక్స్ఛేంజీలో లైన్ల మీద వచ్చే ఫాల్టులకి ఒక రిజిస్టరు ఉండేదట, పొద్దున్నే వెళ్ళగానే మొదట అది తెరిచేవాళ్ళట. అప్పట్నుంచీ రోజూ కాఫీ దగ్గర అడుగుతున్నాడు.

"ఎంతుంది?"

చూడకుండా చెప్పచ్చు. కానీ పైకెళ్ళి చూసే వస్తాను.

"సున్నా నాన్నా."